మీ ఊరి తాగునీటి పథకం ఫైలు ఎలా కదులుతుంది? ప్రతిపాదన నుంచి కుళాయి దాకా

"ట్యాంకు కట్టి మూడేళ్లయింది, ఇంతవరకు నీళ్లెక్కలేదు. ఎవరిని అడగాలి?" "పథకం మంజూరైందని పేపర్లో వచ్చింది, పని మాత్రం మొదలవలేదు. డబ్బు ఎక్కడ ఆగింది?" "మా కొత్త కాలనీకి పైపులైను కావాలి, ఏ నిధుల్లో పెడతారు?" ఈ మూడు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అడిగేవాళ్లలో వార్డు మెంబర్లున్నారు, సర్పంచులున్నారు, డ్వాక్రా సంఘాల లీడర్లున్నారు, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ సొంతూరి గురించి బాధపడేవాళ్లున్నారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు మొత్తం దారిని ఒక్కచోట రాస్తున్నాను. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలకు పనికొస్తుంది. పట్టణాల సంగతి మధ్యలో కొద్దిగా చెప్పాను.

చాలామంది ఎమ్మెల్యేకి అర్జీ ఇచ్చి, ఫొటో దిగి, ఎదురుచూస్తూ కూర్చుంటారు. అర్జీ ఇవ్వండి, తప్పులేదు. కానీ ప్రభుత్వం డబ్బు కేటాయించేది ఎస్టిమేట్ చూసి. ఆ ఎస్టిమేట్‌కు కావలసిన లెక్కలు ఊరి నుంచే వెళ్లాలి. లెక్కలు సరిగ్గా వెళ్లిన ఊరి ఫైలు ముందు కదులుతుంది. వెళ్లకపోతే ఆఫీసులో కూర్చుని ఎవరో పాత జనాభా అంకెలతో వేసేస్తారు, ఆ తప్పును ఊరు ముప్పై ఏళ్లు మోస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఊరి మ్యాపు. పేటలు, తండాలు, ఎస్సీ కాలనీ, కొత్త లేఅవుట్లు అన్నీ అందులో ఉండాలి. చేత్తో గీసినా సరే.
- ఇళ్ల లెక్క, మనుషుల లెక్క, ఇప్పటికే ఉన్న కుళాయిల లెక్క.
- ఉన్న బోర్లు, బావులు, ట్యాంకులు, పంపుల వివరాలు. పనిచేయనివి కూడా రాయండి.
- నీటి పరీక్ష రిపోర్టు. ఏడాది దాటినదైతే కొత్తది చేయించండి.
- ట్యాంకుకు అనుకుంటున్న స్థలం సర్వే నంబరు, అది ఎవరిదో తెలిపే కాగితం.
- గత రెండేళ్లలో పంచాయతీ కట్టిన కరెంటు బిల్లులు, బకాయిల చిట్టా.
- గ్రామసభ తీర్మానం నకలు. ఇది లేకపోతే తర్వాతి మెట్లలో చాలాచోట్ల ఆగిపోతారు.

1. మీ ఊరికి నీళ్లు ఏ దారిలో వస్తున్నాయో తేల్చుకోండి

ఊళ్లోనే బోరు, ఊళ్లోనే ట్యాంకు ఉంటే అది ఒక్క ఊరి పథకం. నది దగ్గరో రిజర్వాయరు దగ్గరో నీళ్లు తోడి, శుద్ధి చేసి, పదుల ఊళ్లకు పంపుతుంటే అది సీపీడబ్ల్యూఎస్ స్కీము. తెలంగాణలో చాలా ఊళ్లకు మిషన్ భగీరథ గ్రిడ్ నుంచి ట్యాంకు దాకా నీళ్లొస్తాయి, ట్యాంకు నుంచి ఇంటి దాకా ఉన్న లైను పంచాయతీ చూసుకోవాలి.

ఈ తేడా తెలియకపోతే సమస్య ఒకరిదైతే వేరొకరిని అడుగుతూ తిరుగుతారు. ట్యాంకులోకే నీళ్లు రావట్లేదంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) వాళ్లనో భగీరథ ఇంజినీర్లనో అడగాలి. ట్యాంకు నిండుతోంది, చివరి వీధికి అందట్లేదంటే పంచాయతీలోనే తేలాలి. మున్సిపాలిటీ అయితే దారి పూర్తిగా వేరు. అక్కడ 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పట్టణ పథకం అమృత్ 2.0 కింద పట్టణ జనాభాను బట్టి కేంద్రం వాటా మారుతుంది. లక్ష లోపు జనాభా ఉంటే సగం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు, పది లక్షలు దాటితే నాలుగో వంతు కేంద్రం ఇస్తుంది. మిగతాది రాష్ట్రం, మున్సిపాలిటీ చూసుకోవాలి.

2. ఊరికి ఎన్ని నీళ్లు కావాలో మీరే లెక్క వేయండి

2019 ఆగస్టు 15న ప్రకటించిన, పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు ఇవ్వాలి. మిషన్ భగీరథలో గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. మీ ఊరికి ఏది వర్తిస్తుందో దాంతో లెక్క వేయండి.

ఒక ఉదాహరణ. ఇప్పుడు 2,400 మంది ఉన్నారు, రాబోయే ఏళ్లకు 3,000 అవుతారనుకుందాం. 3,000 మందికి 55 చొప్పున రోజుకు 1,65,000 లీటర్లు. దారిలో కారిపోయేదానికి 15 శాతం కలిపితే సుమారు 1,90,000 లీటర్లు. పంపు రోజుకు 8 గంటలు నడుస్తుందంటే గంటకు దాదాపు 23,750 లీటర్లు, అంటే నిమిషానికి 395 లీటర్లు తోడాలి. మీ బోరు నిమిషానికి 100 లీటర్లే ఇస్తే అలాంటివి నాలుగు కావాలి. ట్యాంకులో సగం రోజు నీళ్లయినా నిలవాలంటే దాదాపు 95,000 లీటర్ల ట్యాంకు పెట్టాలి. ఇంత చిన్న లెక్క చేతిలో ఉంటే, "40,000 లీటర్ల ట్యాంకు చాల్లెండి" అని ఎవరైనా అన్నప్పుడు ఎందుకు చాలదో అక్కడికక్కడే చూపించగలరు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, 2011 జనాభా లెక్కలు పట్టుకుని కూర్చోవడం. ఆ తర్వాత వెలిసిన కాలనీలు అందులో లేవు. పంచాయతీ దగ్గరున్న ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు, ఓటర్ల జాబితా పక్కన పెట్టుకుని సరిచూడండి. రెండోది పశువుల్ని మరచిపోవడం. పాడి గేదె ఎండాకాలంలో తాగే నీళ్లు దాదాపు ఒక మనిషి వాటా అంత ఉంటాయి. గేదెలు ఎక్కువున్న ఊళ్లో 55 లీటర్ల లెక్క కాగితం మీద సరిపోతుంది, కుళాయి దగ్గర సరిపోదు. కనీసం పశువుల తొట్టికి విడిగా కనెక్షన్ అడగండి.

పైపులకు 30 ఏళ్లు, పంపులకు 15 ఏళ్లు సరిపోయేలా డిజైన్ చేయడం మామూలు పద్ధతి. అందుకే జనాభా పెరుగుదల ఎంతకు వేశారో ఎస్టిమేట్‌లో తప్పకుండా చూడండి.

3. నీళ్లు ఎక్కడివో తేలకుండా పైపుల గురించి మాట్లాడకండి

పథకాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ట్యాంకు కట్టడం సులభం, పైపులు పూడ్చడం ఇంకా సులభం. ఏప్రిల్, మే నెలల్లో కూడా నీళ్లు ఎక్కడినుంచి వస్తాయన్నదే కష్టమైన ప్రశ్న. దానికి జవాబు లేకుండా మొదలుపెట్టిన పథకం మొదటి ఎండాకాలంలోనే ట్యాంకర్ల పాలవుతుంది.

బోరు పరీక్షను అక్టోబరులోనో నవంబరులోనో చేసి ఇచ్చిన రిపోర్టును నమ్మకండి. వానల తర్వాత ఏ బోరైనా బాగానే పోస్తుంది. మే నెలలో చేయించండి. పంపు కొన్ని గంటలు ఆపకుండా నడిపించి, మొదట్లో ఎన్ని లీటర్లు వచ్చాయి, చివర్లో ఎన్ని వచ్చాయి, ఆపాక నీటిమట్టం తిరిగి పైకి రావడానికి ఎంతసేపు పట్టింది, ఈ మూడూ రాయించుకోండి. మొదటి పది నిమిషాల ధార చూసి సంతోషపడి వెళ్లిపోతే పరీక్ష చేసినట్టు కాదు. భూగర్భజల శాఖ జియాలజిస్టు వచ్చి చూస్తే మంచిది. దానికి ఆర్‌డబ్ల్యూఎస్ డివిజన్ ఆఫీసు ద్వారా రాతపూర్వకంగా అడగండి.

తర్వాత నాణ్యత. తాగునీటికి ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం చూడాల్సిన ముఖ్యమైన అంకెలు ఇవి:

- ఫ్లోరైడ్: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5.
- నైట్రేటు: 45 మిల్లీగ్రాములు. దీనికి సడలింపు లేదు.
- టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం): 500 మిల్లీగ్రాముల లోపు మేలు, వేరే దారి లేకపోతే 2,000 దాకా.
- చివరి కుళాయి దగ్గర మిగిలే క్లోరిన్: కనీసం 0.2 మిల్లీగ్రాములు.

టీడీఎస్ మీటరు ఒక్కటి ముంచి "నీళ్లు బాగున్నాయి" అనేవాళ్లున్నారు. ఆ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు, సూక్ష్మక్రిములను చూపించదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. పోదు. నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. నల్లగొండ జిల్లాలో, పాత ప్రకాశం జిల్లా కనిగిరి వైపు తరతరాలుగా ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లు ఈ అంకెను తేలిగ్గా తీసుకోరు. అలాంటిచోట ఊళ్లో కొత్త బోరు వేయించుకోవడం పరిష్కారం కాదు, నది నీళ్లే తెచ్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చేసింది అదే. కిడ్నీ జబ్బుకు కారణం పూర్తిగా తేలకపోయినా, భూగర్భ జలం వదిలి వంశధార మీది హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చారు. దాదాపు 700 కోట్ల ఆ పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

వనరును కాపాడుకోవడం కూడా ఈ మెట్టులోదే. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం ఉన్న వాల్టా చట్టం ప్రకారం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. మీ పంచాయతీ బోరు పక్క పొలంలో రిగ్గు దిగితే ఆ రోజే తహసీల్దారుకు రాసివ్వండి. బోరు పడ్డాక గొడవపడి లాభం లేదు, పక్క రైతుతో శత్రుత్వం ఒక్కటే మిగులుతుంది.

4. కమిటీ, గ్రామసభ, తీర్మానం

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి. 10 నుంచి 15 మంది సభ్యులు, అందులో సగం మంది మహిళలు. పంచాయతీ సభ్యులు పావు వంతు, బలహీన వర్గాలవాళ్లు వాళ్ల జనాభా దామాషాలో. చాలా ఊళ్లలో ఈ కమిటీ ఇప్పటికే కాగితం మీద ఉంది, సభ్యులకే ఆ సంగతి తెలియదు. మిషన్ వెబ్‌సైట్ డ్యాష్‌బోర్డులో మీ ఊరి పేరు నొక్కితే వివరాలు కనిపిస్తాయి, చూడండి.

కమిటీలో ఆడవాళ్ల సంఖ్య నింపడం కోసం సర్పంచి బంధువుల పేర్లు రాయకండి. బిందె పట్టుకుని నిలబడేది ఎవరో, ఏ వీధికి ఎన్ని గంటలకు నీళ్లొస్తాయో నోటికి చెప్పగలిగేది ఎవరో, వాళ్లని పెట్టండి. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టుతో నీటి పరీక్ష నేర్పించే ఏర్పాటూ ఈ మిషన్‌లో ఉంది. ఆ కిట్టు పంచాయతీ బీరువాలో సీలు తీయకుండా ఉందేమో అడిగి బయటికి తీయించండి.

కమిటీ తయారుచేసిన గ్రామ కార్యాచరణ ప్రణాళికను గ్రామసభ ఆమోదించాలి. తీర్మానంలో "తాగునీటి సమస్య పరిష్కరించవలసిందిగా కోరడమైనది" అని రాస్తే దాంతో ఏ ఇంజినీరూ ఎస్టిమేట్ వేయలేడు. ఇలా రాయించండి: ఏ పేటలో ఎన్ని ఇళ్లకు కుళాయి లేదు, ఏ వనరు ప్రతిపాదిస్తున్నారు, ట్యాంకు స్థలం సర్వే నంబరు, ప్రజల వాటా ఎలా కడతారు, నెలవారీ రుసుము ఎంతకు ఒప్పుకున్నారు. ఇదే పనిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కూడా ఎక్కించండి. ఏటా అక్టోబరు 2న మొదలయ్యే ప్రణాళికల ప్రచారం సమయం దీనికి సరైనది. పంచాయతీల పోర్టల్ ఈగ్రామ్‌స్వరాజ్‌లో ఎక్కని పనికి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఖర్చు పెట్టడానికి కార్యదర్శి ముందుకు రాడు, అతను అలా ఆగడం న్యాయమే.

5. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో విడదీసి చూడండి

ఒక పథకానికి మూడు రకాల ఖర్చులుంటాయి. కట్టే ఖర్చు, దారి చేసే ఖర్చు (స్థలం, అనుమతులు), నడిపే ఖర్చు. మొదటిదానికి నిధులు దొరుకుతాయి. పథకాలు పడుకునేది రెండో, మూడో ఖర్చు దగ్గర.

కట్టే ఖర్చు. జల్ జీవన్ మిషన్‌లో మన రెండు రాష్ట్రాలకూ కేంద్రం సగం, రాష్ట్రం సగం. ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతం ప్రజల వాటా. ఎస్సీ, ఎస్టీ జనాభా సగానికి మించిన ఊళ్లలో, కొండ, అటవీ ప్రాంతాల్లో 5 శాతం. ఊరి లోపలి పని 80 లక్షలైతే 8 లక్షలు, లేదా 4 లక్షలు. దీన్ని నగదుగానే ఇవ్వాలని లేదు. సామగ్రి రూపంలో, శ్రమ రూపంలో కూడా ఇవ్వొచ్చు. ఊళ్లో ఈ వాటా కోసం వసూళ్లు జరుగుతుంటే రసీదు అడగండి, కమిటీ ఖాతాలో పడిందో లేదో చూడండి.

ఈ మిషన్‌ను మొదట 2024 దాకా అనుకున్నారు. 2025 ఫిబ్రవరి 1 కేంద్ర బడ్జెట్‌లో 2028 దాకా పొడిగిస్తున్నట్టు చెప్పారు. కేంద్రం డబ్బు వాయిదాల్లో వస్తుంది. రాష్ట్రం తన సగం కలిపి, ఖర్చు చూపిస్తేనే తర్వాతి వాయిదా కదులుతుంది. కాబట్టి "కేంద్రం ఇవ్వలేదు", "రాష్ట్రం కలపలేదు" అని రెండు వైపులా మాటలు వినిపిస్తే, ఏ వాయిదా దగ్గర ఆగిందో అంకెతో అడగండి.

రెండో దారి అప్పు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డులోని గ్రామీణ మౌలిక వసతుల నిధి నుంచి రాష్ట్రాలు ఏళ్లుగా తాగునీటి పనులకు అప్పు తెచ్చుకుంటున్నాయి. మిషన్ భగీరథకైతే రాష్ట్రం ఒక ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి, దాని పేరు మీద కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో, నాబార్డు, బ్యాంకుల నుంచి ప్రభుత్వ హామీతో అప్పులు తెచ్చింది. అలా తెచ్చిన అప్పును ప్రభుత్వమే బడ్జెట్ నుంచి తీరుస్తుంటే, దాన్ని రాష్ట్రం అప్పుగానే లెక్కేస్తామని కేంద్రం తర్వాత నిబంధన పెట్టింది. అందుకే పెద్ద గ్రిడ్ ప్రతిపాదనలకు ఆర్థిక శాఖ దగ్గర ఇప్పుడు ఎక్కువ సమయం పడుతోంది. మీ ఊరు చిన్న మార్పుతో గట్టెక్కేదైతే పెద్ద గ్రిడ్ కోసం ఎదురుచూడకండి.

మూడో దారి పంచాయతీ సొంత చేతిలో ఉంది. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లు, పారిశుద్ధ్యానికే కట్టిపడేశారు. అందులో సగం, అంటే మొత్తంలో 30 శాతం, తాగునీరు, వాననీటి నిల్వ, వాడిన నీటి పునర్వినియోగానికి. 2021-26 మధ్య దేశమంతటికీ ఈ కట్టుబడి గ్రాంటు 1,42,084 కోట్లు. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త మార్గదర్శకాలు కార్యదర్శి దగ్గర చూసి నిష్పత్తులు సరిచూసుకోండి. వాల్వులు మార్చడం, ఒక వీధికి లైను పొడిగించడం, పాత పంపు బాగుచేయించడం లాంటి పనులకు రాజధాని దాకా వెళ్లక్కర్లేదు, ఈ డబ్బు చాలు.

గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంటుంది. తాగునీరు అందులో మొదటి ప్రాధాన్యంలో ఉంది. క్వారీ ప్రభావం ఉన్న ఊరైతే కలెక్టరుకు ఆ సంగతి స్పష్టంగా రాయండి. ఎంపీ నిధులు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కూడా ఉన్నాయి. కానీ సీఎస్ఆర్ కింద వచ్చే ఆర్‌ఓ ప్లాంటును ఎవరు నడుపుతారో ముందే రాసుకోకపోతే, రెండేళ్ల తర్వాత తాళం వేసిన గది ఒకటి మిగులుతుంది.

దారి చేసే ఖర్చు. స్థలం కొనడానికి మిషన్ కేంద్ర నిధులు వాడకూడదు. ట్యాంకుకు ప్రభుత్వ స్థలమో, దానంగా ఇచ్చిన స్థలమో ముందే ఉండాలి. దానం అయితే రిజిస్టరు చేయించండి. నోటిమాట మీద కట్టిన ట్యాంకుకు తర్వాతి తరంలో తగువు వస్తుంది. పైపు రైల్వే లైను దాటాలన్నా, హైవే దాటాలన్నా, అడవి గుండా పోవాలన్నా అనుమతులు కావాలి. రైల్వే అనుమతికి నెలలు పడుతుంది కాబట్టి టెండరు దాకా ఆగకుండా దరఖాస్తు పెట్టించండి.

నడిపే ఖర్చు గురించి 9వ మెట్టులో చెబుతాను.

6. ఎస్టిమేట్ చదవండి, ఫైలు వెంట నడవండి

ఫైలు దారి ఇది: ఆంధ్రలో గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు గానీ, ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గానీ సర్వే చేస్తారు. ఆయన పై ఇంజినీర్లు డీఈ, ఈఈ ఎస్టిమేట్ సరిచూస్తారు. కలెక్టరు నడిపే జిల్లా నీటి, పారిశుద్ధ్య మిషన్ జిల్లా ప్రణాళికలో చేరుస్తుంది. రాష్ట్రస్థాయి పథకాల మంజూరు కమిటీ ఆమోదిస్తుంది. ఆ తర్వాత పరిపాలనా అనుమతి జీవో, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు.

జీవో వచ్చిందంటే పని చేసుకోవడానికి అనుమతి దొరికిందని మాత్రమే అర్థం, డబ్బు ఇంకా రాలేదు. బిల్లు చెల్లాలంటే బడ్జెట్ విడుదల ఉత్తర్వు రావాలి. వాళ్ల భాషలో బీఆర్‌ఓ. "మంజూరైంది కదా, ఎందుకు మొదలుపెట్టరు?" అని ఏఈతో గొడవపడేముందు బీఆర్‌ఓ వచ్చిందా అని అడగండి. పాత బిల్లులు రాకపోతే కాంట్రాక్టరు టెండరు వేయడానికే జంకుతాడు. ఒక్క బిడ్డు కూడా రాక మళ్లీ మళ్లీ పిలిచిన టెండర్లు ఎన్నో ఉన్నాయి.

ఎస్టిమేట్ నకలు తీసుకుని ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి:

- కరెంటు. ట్రాన్స్‌ఫార్మరు, లైను, సర్వీసు డిపాజిట్. ఇవి మరచిపోయిన ఎస్టిమేట్‌తో పంపుహౌసు సిద్ధమైనా కనెక్షన్ రాదు.
- తవ్విన సీసీ రోడ్డును మళ్లీ వేసే ఖర్చు. లేకపోతే ఊరంతా గుంతలే.
- వాల్వులు. పేట పేటకు విడిగా తిప్పుకునే గేట్ వాల్వులు, ఎత్తు చోట్ల ఎయిర్ వాల్వులు, పల్లంలో మురికి వదిలే స్కవర్ వాల్వులు.
- క్లోరిన్ కలిపే ఏర్పాటు.

ఏ సంవత్సరం రేట్లతో వేశారో కూడా చూడండి. పాత ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం పనులకు ప్రకటించే ధరల పట్టిక) రేట్లయితే సవరించిన ఎస్టిమేట్ పేరుతో మళ్లీ ఒక చుట్టు తిరగాలి.

7. పని జరుగుతున్నప్పుడు

ఇంజినీరు పని ఊరివాళ్లు చేయలేరు. కానీ కొన్ని ఎవరైనా చూడొచ్చు. పైపు మీద ముద్రించిన కోడు చదవండి. హెచ్‌డీపీఈ అయితే ఐఎస్ 4984, పీవీసీ అయితే ఐఎస్ 4985, డీఐ (ఇనుప) పైపు అయితే ఐఎస్ 8329 ఉండాలి. పైపు సైజు ఎస్టిమేట్‌లో రాసినదేనా చూడండి. గోతి లోతు కొలవండి, పైపు మీద దాదాపు మూడడుగుల మట్టి కప్పు ఉండాలి. రోడ్డు అంచున అడుగు లోతులో పూడ్చిన పైపును మొదటి ట్రాక్టరే పగలగొడుతుంది. రాతి నేల అయితే పైపు కింద ఇసుకో మెత్తటి మట్టో వేయాలి.

గోతి మూసేముందు ప్రెషర్ టెస్టు జరగాలి. అది ఏ రోజు చేస్తారో కమిటీకి ముందే చెప్పమని రాసివ్వండి. మూసేశాక ఎక్కడ కారుతోందో వెతకడం డబ్బుకూ దండగ, ఓపికకూ దండగ. తేదీ కనిపించేలా ఫొటోలు తీసి దాచండి. థర్డ్ పార్టీ తనిఖీకి వచ్చినవాళ్లకు ఇవి చూపించండి.

8. సంతకం పెట్టేముందు పరీక్షించండి

పని పూర్తయ్యాక "హర్ ఘర్ జల్" (ఇంటింటికీ నీరు) అని ఊరిని ప్రకటించేది గ్రామసభ తీర్మానమే. శాఖ తరఫున పూర్తయిందని ఎక్కించడం వేరు, గ్రామసభ ధ్రువీకరించడం వేరు. డ్యాష్‌బోర్డులో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి. ఈ తీర్మానం ఊరి చేతిలో ఉన్న అసలైన బలం. ఆదరాబాదరాగా, ఎవరో ఒత్తిడి చేశారని సంతకాలు పెట్టకండి. ముందు ఇవి చూడండి.

బకెట్ పరీక్ష. 20 లీటర్ల బకెట్, సెల్‌ఫోన్ చాలు. ట్యాంకుకు దగ్గరి ఇల్లు వద్దు. ఊరి చివర, ఎత్తులో ఉన్న ఇంటికి వెళ్లండి. సరఫరా టైములో, అందరి కుళాయిలూ తెరిచి ఉన్నప్పుడే పట్టండి. నలుగురున్న ఇంటికి రోజుకు 220 లీటర్లు రావాలి. నీళ్లు గంటసేపే వదిలితే బకెట్ ఐదున్నర నిమిషాల్లోపు నిండాలి. రెండు గంటలు వదిలితే దాదాపు 11 నిమిషాల్లోపు. అంతకన్నా ఆలస్యమైతే ఆ ఇంటికి 55 లీటర్లు అందట్లేదు, కాగితం మీద ఏమున్నా సరే. మొదటి ఇంట్లో కూడా ఇదే పరీక్ష చేయండి. రెండింటికీ మధ్య తేడా చాలా ఎక్కువుంటే వాల్వులు సరిచేయాలి, లేదా ఇళ్ల మోటార్లు లైనుకు తగిలించి లాగుతున్నారని అర్థం. మోటార్లు తీయించకుండా పెద్ద పైపు వేసినా ఫలితం ఉండదు.

క్లోరిన్ పరీక్ష. అదే చివరి ఇంట్లో కిట్టుతో చూడండి. 0.2 కన్నా తక్కువుంటే ట్యాంకులో చాలినంత కలపట్లేదు, లేదా మధ్యలో ఎక్కడో మురికి కలుస్తోంది. లక్ష లీటర్లకు 600, 700 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు పడుతుంది. మూత తీసి నెలలుగా ఉంచిన సంచిలో క్లోరిన్ ఉండదు, అదెంత కలిపినా ఒకటే. పైపు మురుగు కాల్వలోంచి పోయేచోట సూక్ష్మక్రిముల పరీక్ష తప్పకుండా చేయించండి.

లెక్క పరీక్ష. కుళాయిల జాబితా తీసుకుని ఇల్లిల్లూ తిరగండి. కుళాయి దిమ్మె కట్టి, ఫొటో తీసి, లైనుకు కలపకుండా వదిలేసిన ఇళ్లు ఉంటాయి. ఎస్సీ కాలనీ, తండా, ఊరికి దూరంగా ఉన్న నాలుగిళ్లు, వీటిని ముందు చూడండి.

ఇవి వారం రోజుల పాటు, కనీసం ఒకసారి ఎండాకాలంలో చేస్తే నిజం తెలుస్తుంది. లోపాలుంటే తీర్మానంలో లోపాలతో సహా రాయండి. అగ్రిమెంటులో కాంట్రాక్టరు బాగుచేయాల్సిన గడువు ఎంతో చూసి, ఆ లోపే రాతపూర్వకంగా ఇవ్వండి.

9. నడిపే ఖర్చును ముందే ఒప్పుకోండి

కరెంటు బిల్లులకు, ఆపరేటరు జీతానికి జల్ జీవన్ కేంద్ర నిధులు రావు. ఇది చాలామందికి పథకం మొదలయ్యాక తెలుస్తుంది. ఉదాహరణకు నెలకు ఆపరేటరుకు 8,000, కరెంటుకు 7,000, మరమ్మతులకు 5,000, క్లోరిన్‌కు 1,500 అనుకుందాం. మొత్తం 21,500. 600 ఇళ్లున్న ఊళ్లో ఇంటికి నెలకు 36 రూపాయలు. మీ ఊరి అంకెలు పెట్టి ఈ లెక్కను గ్రామసభలో బోర్డు మీద రాయండి. ట్యాంకరు నీళ్లకూ, క్యాన్లకూ ఇప్పుడు ఇంటికి ఎంత ఖర్చవుతోందో దాని పక్కనే రాయండి.

అందరూ కట్టలేరు. ఒంటరి ముసలివాళ్లకు, ఏమీ లేని ఇళ్లకు మినహాయింపును తీర్మానంలోనే పెట్టండి, వాళ్లను అడుక్కునే స్థితిలో నిలబెట్టొద్దు. ఆర్థిక సంఘం కట్టుబడి గ్రాంటును నిర్వహణకు వాడుకునే వీలుంది, దాన్ని మరమ్మతుల లెక్కలో చూపించండి. ప్రజల వాటా సరిగ్గా కట్టిన ఊరికి పథకం ఖర్చులో 10 శాతం దాకా ప్రోత్సాహకంగా తిరిగి ఇచ్చే నిబంధన కూడా మిషన్‌లో ఉంది. అది వస్తే ఫ్యాను, కుర్చీలు కొనకండి. పంపు కాలిపోయిన రోజున వాడుకునే నిధిగా ఉంచండి.

అనంతపురం జిల్లాలో 1990ల్లో సత్యసాయి ట్రస్టు వందల ఊళ్లకు నీళ్లు తెచ్చిపెట్టింది. అంత గొప్ప దానంతో కట్టిన పథకానికి కూడా ఏటా కరెంటు, జీతాలు, మరమ్మతుల డబ్బు ప్రభుత్వం నుంచి రావాల్సిందే. కట్టినవాళ్లు ఎవరైనా ఈ ఖర్చు తప్పదు.

ఎక్కడ ఆగిందో తెలియకపోతే

ముందు డివిజన్ ఆఫీసులో పని గుర్తింపు నంబరు అడగండి. ఆ నంబరు లేకుండా ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. తర్వాత సోమవారం కలెక్టరేటులో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్. రసీదు తీసుకోండి.

అయినా తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా ఊరి నీటి పథకం ఎందుకు ఆగింది?" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. కాగితాలు అడగండి: పరిపాలనా అనుమతి జీవో నకలు, సాంకేతికంగా మంజూరైన ఎస్టిమేట్, అగ్రిమెంటు తేదీ, పూర్తి చేయాల్సిన గడువు, ఎం బుక్కులో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) ఈ రోజు దాకా నమోదైన పేజీల నకళ్లు, చెల్లించిన బిల్లుల తేదీలు, మొత్తాలు. ఎం బుక్కులో మీ వీధిలో 400 మీటర్ల పైపు వేసినట్టు ఉండి, వీధిలో 250 మీటర్లే ఉంటే టేపు పట్టి కొలిచి, ఫొటో జతచేసి, మళ్లీ సోమవారం వెళ్లండి. ఈసారి కమిటీలోని ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి, మాట్లాడాల్సింది వాళ్లే.